మునిరత్నమ్మ నిలబెట్టిన జెముడు

సౌదీలో బురైదా పొలిమేరలో ఒక ఖర్జూరపు తోట. ఆ తోటలోని ఇంట్లో వంట చేయడం, యజమాని ముసలి తల్లిని కనిపెట్టుకుని ఉండడం మునిరత్నమ్మ పని. సొంతూరు రాయచోటి దగ్గర. చిన్నప్పుడు మేకలు కాసింది. కరువు ఏడు మేత లేక, గట్ల మీది జెముడు మట్టలకు ముళ్ళు కాల్చి మేకలకు వేసింది. ఇక్కడికొచ్చి ఆరేళ్ళయినా ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

2018 మొదట్లో బురైదాలో ఒక మొక్కల నర్సరీ మూతపడింది. స్థానికులకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో ఎరుపు జాబితాలోకి జారి, పనివాళ్ళు అక్కడ ఉండడానికి కావలసిన ఇఖామాలు రెన్యువల్ కాలేదు. పైగా విదేశీ పనివాళ్ళ మీద మనిషికింత అని కట్టే లెవీ పెరిగింది. నర్సరీ యజమాని పనివాళ్ళందరినీ ఎగ్జిట్ మీద సొంత దేశాలకు పంపేసి, ఉన్న చెట్లు చవగ్గా అమ్మేశాడు. వాటిలో అమెరికా ఎడారి జెముడు ఒకటుంది. మూడు నిలువుల ఎత్తు, మూడు చేతులు. మునిరత్నమ్మకు వీసా ఇచ్చిన కఫీల్, ఖర్జూరపు తోట యజమాని అబూ సాలెహ్ దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. క్రేన్‌తో తెచ్చి ఇంటి ముందు నాటించాడు.

"దీనికి చేతులు మొలవడానికే అరవై, డెబ్బై ఏళ్ళు పడుతుందట" అని తల్లికి చెప్పాడు.

ముసలామె కర్ర ఆనించుకుని తలెత్తి చూసింది. "అయితే నా ఈడుదే. నా చెల్లెలు" అంది.

మే నెలకల్లా ఆ చెల్లెలు ఒక పక్క పసుపుపచ్చగా మారి, కొంచెం ఒరిగింది. దాహమేమోనని అబూ సాలెహ్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపు పెట్టించాడు. మునిరత్నమ్మ మొదలు దగ్గర వంగి వాసన చూసింది. పక్కనే ఇంటి డ్రైవరు లాల్ అహ్మద్ ఉన్నాడు. అతనిదీ కడప జిల్లానే.

"అహ్మదూ, ఇది దాహం కాదు నాయనా, కుళ్ళు. నీళ్ళు పోసి పోసి సంపుతాండారు."

"అబూ సాలెహ్ బాబాకు ఎవరు చెప్తారక్కా?"

"నేనే చెప్తా. నా అరబ్బీ తప్పయితే నువ్వు సరిదిద్దు."

చెప్పడానికి ముందే కుళాయి కట్టేసింది. అబూ సాలెహ్ గట్టిగా కేకలేస్తూ వచ్చాడు. ఆమె కత్తి మొన చెట్టు మొదట్లో గుచ్చింది. వెన్నలోకి దిగినట్టు దిగి, నల్లటి నీరు కారింది.

"ఇంకోటి చూడు బాబా. ఈ పక్క తోలు మొరటుగా ఉంది, ఎండకు అలవాటు పడింది. దీన్ని ఉత్తరానికి తిప్పి నాటినారు. నీడలో పెరిగిన లేత పక్క దక్షిణపు ఎండకు కాలిపోతాంది."

"వంటమనిషివి, నీకెలా తెలుసు?"

"వంటకు ముందు మేకలు కాసినా బాబా."

అరుగు మీద నుంచి ముసలామె పకపకా నవ్వింది. "నా చెల్లెల్ని ఆమెకు అప్పగించు" అంది కొడుకుతో.

లాల్ అహ్మద్ చెట్టుకు నాలుగు వైపులా దుంగలు ఊతంగా పెట్టాడు. మునిరత్నమ్మ మొదలు చుట్టూ మట్టి తీసి, కుళ్ళినదంతా గట్టి కండ తగిలేదాకా చెక్కేసింది. ఖర్జూరాలకు చల్లే గంధకం పొడి ఆ గాయానికి అద్ది, నెలరోజులు గాలికి ఆరనిచ్చింది. లేత పక్కకు పాత దుప్పట్లు కట్టింది. వేసవంతా చుక్క నీళ్ళు పోయలేదు. ఆ పోయకుండా ఉండడమే కష్టమైంది. అబూ సాలెహ్ జాలి ఆపుకోలేక ఒకరోజు సీసాతో నీళ్ళు తెచ్చి, అటూ ఇటూ చూసి వంగాడు. వంటింటి కిటికీలోంచి "బాబా!" అని కేక వినబడింది. ఆయన గుటగుటా ఆ నీళ్ళు తనే తాగేశాడు.

నవంబరులో వానలు పడ్డాయి. ముడుచుకున్న మడతలు మెల్లగా విచ్చుకుని చెట్టు బొద్దుగా అయింది. తాడుతో కొలిస్తే నడుము జానెడు పెరిగింది. మరుసటి ఏప్రిల్‌లో ఒక పొద్దున నడినెత్తిన, చేతుల కొసల్లో తెల్లటి పూలు గిన్నెల్లా విచ్చుకుని, వాటి నిండా తేనెటీగలు. ముసలామెను చక్రాల కుర్చీలో తెచ్చారు. మధ్యాహ్నానికి పూలు ముడుచుకునేదాకా ఆమె అక్కడి నుంచి కదలనంది. చాయ్ కూడా అక్కడికే తెప్పించుకుంది. మునిరత్నమ్మ ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఎందుకో తెలియకుండానే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

అబూ సాలెహ్ వంటకు ఇంకొకామెను పెట్టి, మునిరత్నమ్మను తోట పనికి మార్చాడు. ఇంటి పనివాళ్ళ వీసా కాబట్టి లెవీ బెడద లేదు. ఆమెకు కావలసింది కూడా అదే, ఆరుబయట పని. చచ్చే జెముడును బతికించిందన్న పేరు పక్క తోటలకు పాకింది. శుక్రవారాలు లాల్ అహ్మద్ కారులో తీసుకెళ్ళేవాడు. ఎక్కడికెళ్ళినా "డాక్టరమ్మ వచ్చింది" అనేవాళ్ళు.

ఒక శుక్రవారం ఒక పెద్ద విల్లా వాళ్ళు పిలిచారు. హాల్లో మూలనున్న జెముడు మూడేళ్ళుగా అంగుళం కూడా పెరగలేదట. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. మునిరత్నమ్మ గోటితో గీరింది, వేలితో తట్టింది. డబడబమంది.

"అహ్మదూ, వీళ్ళకు ఎట్ల చెప్పేది? ఇది ప్లాస్టిక్‌ది."

లాల్ అహ్మద్ అరబ్బీలో చెప్పాడు.  ముందుగా ఆ ఇంటి పెద్దామె నవ్వు మొదలుపెట్టింది. "రోజూ నీళ్ళు పోశానే!" అంటూ సోఫాలో కూలబడింది. అందరూ పొట్టలు పట్టుకున్నారు. వచ్చేటప్పుడు మునిరత్నమ్మ చేతికి సంచెడు ఖర్జూరాలిచ్చి, మళ్ళీ శుక్రవారం ఊరికే కబుర్లకైనా రమ్మన్నారు.