టాంకు మూత, నా వైపు తలుపు

మా ఇంట్లో ఈ కథను ఒకే ముక్కలో చెబుతారు: వదిన దిగింది, బండి ఉరికింది. చెప్పేది మా మరిది. పెళ్లిళ్లలోనూ చెబుతాడు, దినాల్లోనూ చెబుతాడు. జనం నవ్వి నా నడుము వైపు చూస్తారు. అంతా అబద్ధం. బండి ఉరికింది నేను దిగినందుకు కాదు, నేను మూత తీసినందుకు.

బండి మా ఆయనది. నస్పూర్‌లో మా ఇంటి ముందు రేకుల కింద ఉంటుంది. పాత చిన్న కారుకు ఇంజను మార్చి, వెనక సీటు పీకి, డిక్కీలో చిన్న పెట్రోలు టాంకు బిగించి డ్రాగ్ రేసు బండిగా చేశాడు. ఆ రేసులో మలుపులుండవు. నిలబడ్డ చోటి నుంచి పావు మైలు తిన్నగా ఉరకాలి, అంతే. మా బండి ఒకసారి బాణంలా పోయేది, ఇంకోసారి సగం దారిలో దగ్గి చతికిలబడేది. ప్లగ్గులు మార్చారు, పంపు మార్చారు, చివరికి పెట్రోలు బంకు కూడా మార్చారు. రోగం మాత్రం మారలేదు.

సరిగ్గా అప్పుడే నాకు బోథ్‌లో లెక్చరర్‌గా చేరమని ఆర్డరొచ్చింది. వారమంతా అక్కడే ఉండాలి. మా ఆయన వద్దనలేదు. వద్దంటే వాదించి గెలిచేదాన్ని. "బండి ఒక్కతీరుగ ఉరికినంక పో" అన్నాడు. పెట్రోలు ఒత్తిడి చూపే మీటరు పక్క సీటు ముందు ఉంది. నడిపేవాడు రోడ్డు మీంచి కన్ను తీయలేడు. మరిది గడియారం పట్టుకుని అవతలి కొసన నిలబడతాడు. ఇక మిగిలింది నేను. చేరడానికి గడువు అడిగాను.

లక్సెట్టిపేట దారిలో ప్లాట్లు అమ్ముడుపోని ఒక వెంచర్ ఉంది. ఇళ్లు లేవు కానీ సిమెంటు రోడ్డు మాత్రం తిన్నగా ఉంది. ప్రతి ఆదివారం అక్కడే. నా వైపు తలుపుకు లోపల హ్యాండిల్ లేదు. బరువు తగ్గాలని పీకేశాడు. అద్దానికి బదులు దిగని ప్లాస్టిక్ పలక బిగించాడు. దిగాలంటే బయటి నుంచి ఎవరో ఒకరు తెరవాలి. అన్నదమ్ములిద్దరూ బానెట్‌లో తలలు దూర్చి మాట్లాడుకుంటుంటే, నేను ఎండలో హెల్మెట్ పెట్టుకుని పలకను చేత్తో బాదేదాన్ని.

"జర ఆగవే, గిదే ఆఖరు."

"నీ ఆఖర్లు ఇంకెన్ని ఉన్నయో సూద్దాం."

ఆ ఆదివారం మొదటి ఉరుకు బాగుంది. వెంటనే ఇంకోటి పోయాం. సగం దాటాక మీటరు సూది పడిపోయింది, బండి దగ్గింది. మరిది వగరుస్తూ వచ్చాడు.

"అన్నా, వదిన బరువు గూడ జర లెక్కల పట్టుకోవాలె."

"ఇందాక మంచిగ ఉరికినప్పుడు నేను ఇంట్ల ఉన్ననా? గీ సీట్లనే ఉన్న. గింతల్నే బలిసిన్నా?"

"కోపం చెయ్యకు వదినా, సైన్సు చెప్తున్న."

"సైన్సు పాఠం చెప్పేది నేను. నువ్వు గడియారం పట్టుకో."

నాకు తట్టింది పాఠం వల్ల కాదు, చెవుల వల్ల. దిగలేని మనిషికి వినడం తప్ప పనేముంటుంది? పెట్రోలు ఎంతుందో పుల్లతో చూడటానికి మా ఆయన మూత తీసినప్పుడల్లా వెనక ఉస్సుమనేది. అలా మూత తీసి పోయిన ఉరుకులు బాగుండేవి. తీయకుండా పోయినవే దగ్గేవి.

"నాకు సమజైంది" అన్నాను. "తలుపు తీస్తెనే చెప్త."

తీశాడు. వెనక్కి పోయి మూత విప్పాను. ఉస్సుమంది. మూత కింద మడతపెట్టిన పాల ప్యాకెట్ కవరు! మా బొగ్గు గనుల ఊళ్లో ఏ మోటార్ సైకిల్ మూత తీసినా ఇలాంటి ముక్క కనబడుతుంది. దుమ్ము పడకుండా, వాన నీళ్లు దిగకుండా పెడతారు. మా ఆయన చెయ్యి అలవాటు కొద్దీ ఇక్కడా పెట్టేసింది. మూతకున్న సన్నని గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోలు పోయిన చోటికి గాలి రాకపోతే పంపు ఎంతసేపని పీల్చగలదు?

"లోపలికి దుమ్ము పోతదని పెట్టిన."

"దుమ్ము పోలే. గాలి గూడ పోలే."

కవరు తీసేశాక మూత ముట్టకుండా వరసగా ఉరికించారు. అన్నీ ఒక్కతీరే. అప్పుడు గడియారం నా చేతిలో ఉంది. మీటరు ముందు కూర్చున్నది మా మరిది. నాకంటే బరువైన మనిషి! తాను ఎక్కిన సంగతి మాత్రం కథలో ఎప్పుడూ చెప్పడు. ఆ సీట్లో ఊపిరాడదని ఆ ఒక్క పూటతోనే ఎక్కడం మానేశాడు.

నేను బోథ్‌లో చేరాను. కానీ శనివారం ఇంటికొస్తే ఆదివారం వెంచర్ తప్పదు. "ఒక్కతీరుగ అయితే అయింది, ఇంక జర టైం తగ్గాలె" అంటాడు మా ఆయన. మళ్లీ అదే సీటు, అదే పలక.

ఆయన వైపు తలుపుకు లోపలి హ్యాండిల్ ఉంది. కొత్తదానిలా మెరుస్తూ ఉంది. మొన్న కూడా అడిగాను, హెల్మెట్ పట్టీ బిగించుకుని బండి స్టార్ట్ చేశాడు. మళ్లీ అడుగుతాను: బరువు కోసమే అయితే, అరచేతిలో పట్టే ఆ ముక్కను నా వైపు ఒక్కటే ఎందుకు పీకినవ్?