పది నిమిషాలు ఆపనివ్వని సర్వర్

మా ఆసుపత్రి కంప్యూటర్లు పాడైన సంగతి ఇప్పటికీ ఎవరు చెప్పినా ఒకేలా చెబుతారు. రిజిస్ట్రేషన్ కౌంటర్లో కూర్చునే పెద్దాయన తన గేదె పేరును పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నాడట, అది ఎవడికో తెలిసిపోయిందట, వాడు లోపలికి దూరి రోగుల రికార్డులన్నిటికీ తాళం వేశాడట. గేదె మాట రాగానే అందరూ నవ్వుతారు. నవ్వాక ఇక ముందుకు ఎవరూ అడగరు.

అబద్ధమని నేననను. పాస్‌వర్డ్ గేదె పేరే. దాని వెనక ఒకటి రెండు మూడు కూడా ఉంది. గౌలిపురలో వాళ్లది తాతల నాటి నుంచి పాలు అమ్మే ఇల్లు. ఆ గేదె పేరు గల్లీలో పాలు పోయించుకునే ప్రతి ఇంటికీ తెలుసు. పైగా ఆ పాస్‌వర్డ్ ఆయన ఒక్కడిదే కాదు. ఆయన చాయ్‌కి లేస్తే పక్క కౌంటర్ వాళ్లు ఆయన పేరు మీదే చీటీలు తీసేవాళ్లు. కంప్యూటర్లోంచి ఒకరు లాగౌట్ అయి ఇంకొకరు లాగిన్ అయ్యేలోపు లైన్లోంచి "అరే జల్దీ కరో భాయ్" అని లొల్లి మొదలయ్యేది. సరే, అదంతా తప్పే అనుకుందాం. కానీ ఆ పాస్‌వర్డ్‌తో తెరుచుకునేది ఆయన కౌంటర్ ఒక్కటే. కొత్త రోగి పేరు రాసుకోవచ్చు, ఓపీ చీటీ తీయొచ్చు, అంతే. మరి కౌంటర్లోకి వచ్చినవాడు మొత్తం ఇంటికి యజమాని ఎలా అయ్యాడు? ఈ ప్రశ్న వేస్తే నవ్వుతున్న వాళ్లందరికీ వేరే పని గుర్తొస్తుంది.

జవాబు నాకు తెలుసు. ఎందుకంటే ఆ సర్వర్‌ను చూసుకునేది నేనే. మొఘల్‌పురా వైపున్న ఆ ట్రస్టు ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా నా పని అదే.

ఆపరేటింగ్ సిస్టంలో కెర్నెల్ అని ఒకటుంటుంది. అన్నిటికంటే లోపలి భాగం. ఇంటి తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకుని తిరిగే అత్తగారిని తలచుకోండి, అదే అది. ఏ గది తెరవాలన్నా, ఏ డబ్బా ముట్టుకోవాలన్నా ఆమెనే అడగాలి. అయితే ఆమెను ఒక వంకర పద్ధతిలో అడిగితే తికమకపడి గుత్తి మొత్తం చేతిలో పెట్టేస్తుందని ఒకనాడు బయటపడింది. లోకంలో ఎక్కడెక్కడో కూర్చున్నవాళ్లు ఆ లోపాన్ని సరిచేసి అప్‌డేట్ విడుదల చేశారు. వచ్చిన రోజే నేను దాన్ని మా సర్వర్లో వేశాను. కానీ మా పాత సర్వర్లో ఒక చిక్కుంది. ఆ అత్తగారు ఒకసారి పడుకుని లేస్తేగానీ కొత్త బుద్ధి తలకెక్కదు. అంటే సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పటిదాకా కొత్త కెర్నెల్ డిస్కు మీద ఊరికే పడి ఉంటుంది, పాతదే నడుస్తుంటుంది.

కావలసింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం సూపరింటెండెంట్ గది ముందు నేను నిలబడ్డ గంటలు కలిపితే ఎన్ని రోజులవుతాయో.

"సార్, పది నిమిషాలు సర్వర్ ఆపి మల్ల చాలూ చేయాలె."

"ఇప్పుడా? ఓపీ లైన్ గేటు దాక ఉంది, కనిపిస్తలేదా మేడమ్?"

"మధ్యాహ్నం?"

"ల్యాబ్ రిపోర్టులు అప్పుడే కదా వచ్చేది."

"సాయంత్రం?"

"డయాలసిస్ వాళ్లుంటరు."

"అయితే ఆదివారం?"

"ఆదివారం నేనుండ. ఏమన్న అయితే ఎవలు చూస్కోవాలె?"

"పద్దెనిమిదేండ్ల సంది ఎవలు చూస్కుంటున్నరు సార్?"

"గదే అంటున్న మేడమ్. మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు గెలుకుతరు? ఫికర్ చేయకుండ్రి."

ఆయన చెడ్డవాడేమీ కాదు. మంచిగ నడుస్తోంది అన్న మాట ఎంత హానికరమో తెలియనివాడు, అంతే.

దసరా వచ్చింది. మా ఆసుపత్రిలో ఆయుధ పూజ ఘనంగా జరుగుతుంది. ఆ రోజు ఒక గంటసేపు అన్ని యంత్రాలకూ సెలవు. ఎక్స్‌రే యంత్రానికి పసుపు రాస్తారు, అంబులెన్స్‌కు బంతిపూల దండ వేస్తారు, కౌంటర్లలో తెరలన్నీ ఆర్పి కీబోర్డుల మీద కుంకుమ బొట్లు పెడతారు. రోగులు కూడా విసుక్కోరు. బుర్ఖాల్లో కూర్చున్న తల్లులు పిల్లలకు పులిహోర తినిపించుకుంటూ ఎదురుచూస్తారు. ఏడాది మొత్తంలో ఎవరినీ బతిమాలకుండా దొరికే గంట అదొక్కటే. ఆచారమే నా తరఫున మాట్లాడుతుంది కదా అనుకుని వెళ్లాను.

సూపరింటెండెంట్ హారతి పళ్లెం పట్టుకుని సర్వర్ గదిలోనే ఉన్నాడు.

"పూజ టైంల ఆపుడేంది మేడమ్? దీపం ముట్టించి యంత్రం ఆర్పుతరా ఎవలన్న?"

"ఆయుధ పూజ అంటేనే ఆయుధం కింద పెట్టుడు సార్. అంబులెన్స్ ఇంజన్ బంద్ చేసినంకనే కదా కొబ్బరికాయ కొట్టిన్రు."

"అది బండి. ఇది ఆసుపత్రి పానం. పానం ఆపి పూజ చేస్తరా?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. "మేడమ్‌తోని లొల్లి మస్తుగుంటది" అన్నారెవరో. సూపరింటెండెంట్ సర్వర్‌కు తన చేత్తో బొట్టు పెట్టాడు. కుంకుమ గాలి రంధ్రాల్లో పడకుండా నేను కింద చెయ్యి పట్టాను. ఆ రోజు నేను చేయగలిగింది అది.

తరువాత కొన్నాళ్లకు సర్వర్ ఆగకుండా ఏడాది పూర్తయిందని ఎవరో తెర మీద చూసి చెప్పారు. సూపరింటెండెంట్ జిలేబీ తెప్పించాడు. ఆగని ఏడాది అంటే లోపం సరిచేయని ఏడాది అని నేను విడమరిచి చెప్పాను. జిలేబీ చల్లారిపోతోంది మేడమ్ అన్నారు. రెండు తిన్నాను.

ఇక నా సంగతి. నెలనెలా పైకి పంపే ఫారంలో ఒక గడి ఉండేది. భద్రతా అప్‌డేట్లు వేశారా, అవును లేదా కాదు. సర్వర్‌ను తిరిగి మొదలుపెట్టారా అన్న గడి లేదు. మొదటి నెల 'అవును' అని రాసి, పక్కన అంచులో 'రీస్టార్ట్ చేయవలసి ఉంది' అని చేర్చాను. అంచుల్లో రాయరాదంటూ ఫారం తిరిగొచ్చింది. రెండో నెలా రాశాను, తిరిగొచ్చింది. మూడో నెల నాకు ఓపిక లేకపోయింది. 'అవును' అని రాసి సంతకం పెట్టాను. ఆ తరువాత ప్రతి నెలా అదే. రాసింది అబద్ధం కాదు. చదివినవాళ్లకు అర్థమయ్యేది నిజం కాదు.

ఒక సోమవారం ఉదయం కౌంటర్లలో రికార్డులు తెరుచుకోలేదు. నా దగ్గర ప్రతులు భద్రంగా ఉన్నాయి కాబట్టి నాలుగు రోజుల్లో అన్నీ తిరిగి నిలబెట్టాను. ఆ నాలుగు రోజులూ పెద్దాయన కాగితాల మీద చీటీలు రాశాడు. ముఖం చూసి పాత రోగి ఏ వార్డువాడో, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లేవాడో చెప్పి పంపాడు. కంప్యూటర్ లేకపోయినా ఆసుపత్రి ఆగలేదు, ఆయన ఉన్నాడు గనుక.

బయటినుంచి ఒక నిపుణుడొచ్చి చూసి, చొరబాటు పెద్దాయన లాగిన్ మీదుగా జరిగింది, పాస్‌వర్డ్ బలహీనం అని రాసిచ్చాడు. కౌంటర్ నుంచి అత్తగారి గుత్తి దాకా ఆ దొంగ ఎలా వెళ్లాడన్నది రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది. ట్రస్టు వేసిన విచారణ కమిటీవాళ్లు రెండో పేజీ తిప్పలేదు. పెద్దాయన పదవీ విరమణకు అప్పటికి ఏడాదిన్నర ఉంది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆయన మీద ఒక్క మచ్చ లేదు. ఇప్పుడు మచ్చతో పోతాడా, శుభ్రంగా పోతాడా అన్నది కమిటీ కూర్చున్న గదిలో తేలాలి.

ముందు నన్ను అడిగారు. రెండో పేజీ నేనే తిప్పి చూపించాను. రీస్టార్ట్ చేయనివ్వలేదని గొంతు పెంచి చెప్పాను. సూపరింటెండెంట్ గొంతు పెంచలేదు. ఫారాల కట్ట నా ముందుకు జరిపాడు.

"ఇక్కడ అవును అని ఉందా లేదా మేడమ్?"

"ఉంది."

"సంతకం ఎవలది?"

"నాదే."

"మరి అయిపాయె కదా."

ఫారాల కట్ట వెనక్కి జరిపాను. నన్ను అక్కడే కూర్చోమని పెద్దాయన్ని పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు.

"లాగిన్ అయినప్పుడు స్క్రీన్ మీద ఎన్నడన్న వేరే మెసేజ్ గిట్ల కనిపించిందా?" అని అడిగారు.

కనిపించింది. ప్రతి ఉదయం కనిపించేది. మా పాత సాఫ్ట్‌వేర్లో కౌంటర్‌వాళ్లు నల్లతెర మీదుగా నేరుగా సర్వర్లోకే వచ్చేవాళ్లు. రాగానే పైన ఇంగ్లిష్‌లో ఒక వరుస వచ్చేది, సిస్టంను రీస్టార్ట్ చేయాలి అని. మిగతావాళ్లెవరూ దాన్ని చదవలేదు. ఆయన చదివాడు. ఒకరోజు నా గది దాకా వచ్చి అడిగాడు కూడా.

"బిడ్డా, ఆ డబ్బా రోజూ పొద్దుగాల్నే ఏదో చేయమని మొత్తుకుంటుంది. ఏంది కథ? చేయొద్దా?"

ఆ పూట నేను సూపరింటెండెంట్ చేత మరోసారి కాదనిపించుకుని వచ్చి కూర్చున్నాను. తల కూడా ఎత్తలేదు.

"అది రోజూ గట్లనే అంటది అన్నా. పట్టించుకోకు."

కమిటీ అడిగినప్పుడు ఆయన తలెత్తాడు. నా వైపు చూశాడో, నా వెనక కిటికీ వైపు చూశాడో చెప్పలేను. తరువాత అన్నాడు.

"ఏం లేదు సార్. రోజూ ఎట్లుంటదో గట్లనే ఉండె."

రాసుకున్నారు. ఆయన్ని కౌంటర్ నుంచి తీసి పాత ఫైళ్ల గదికి పంపారు. సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం ఎక్కింది. ఇప్పుడు నెలకొక ఆదివారం పది నిమిషాలు సర్వర్ ఆపుతున్నాను. ఒక్క రోగి కూడా ఎందుకని అడగలేదు.

ఫైళ్ల గదికి రెండుసార్లు వెళ్లాను. దుమ్ము దులిపి స్టూల్ వేశాడు, ఇంట్లో పిల్లల గురించి అడిగాడు, గేదె ఈనిందని చెప్పాడు. అడగాలనుకున్నది రెండుసార్లూ అడగకుండానే తిరిగొచ్చాను. సూపరింటెండెంట్‌తో వాదించడానికి నాకు ఏనాడూ భయం వేయలేదు, ఇదొక్కటి అడగడానికి వేస్తోంది. అన్నా, ఆ రోజు నా గదికొచ్చి అడిగిన సంగతి నువ్వు నిజంగానే మరిచిపోయావా, లేక పక్కనే కూర్చున్నాను కదా, నా అంతట నేనే చెబుతానని ఎదురుచూశావా?