సగం గెడ్డం బావ

మా బావకి ఒక్కటే జబ్బు. కుర్చీలో కూర్చున్నవాడికి కోపం వచ్చిందంటే చాలు, గెడ్డం ఎక్కడిదక్కడ వదిలేసి కత్తి మడిచేస్తాడు. ఆ కోపం దిగేదాకా బ్రహ్మదేవుడు దిగివచ్చినా రెండో చెంప గీయడు.

"దవడ బిగిసింది. బిగిసిన దవడ మీద కత్తి ఆడితే నెత్తురొస్తుంది. నా షాపులో నెత్తురు కారకూడదు," అంటాడు. గాట్లకి రాసే పటిక ముక్క ఎనిమిదేళ్లుగా కొన్నది కొన్నట్టే ఉంది.

ఆ షాపులో రెండో కుర్చీ నాది. అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను గానీ, మరొకడైతేనా! పై అధికారిని తిడుతూ కూర్చున్న గుమాస్తా ఒకాయన సగం గెడ్డంతోనే ఆఫీసుకి పోయాడు.

"వచ్చిన బేరాన్ని ఇలా తగలేస్తావా బావా?" అంటే, "సాయంత్రం వస్తాడులే," అన్నాడు. నిజంగానే వచ్చాడు. అది నాకు ఇంకా మంట.

ఆ ఏడు మిల్లులో సమ్మె మొదలైంది. సమ్మె చేసేవాళ్లూ, పనిలోకి వెళ్లేవాళ్లూ వీధిలో రాళ్లు రువ్వుకుంటున్నారు. రెండు వర్గాలూ గెడ్డానికి మా దగ్గరికే వచ్చేవి, రెండూ మమ్మల్నే అనుమానించేవి.

"నువ్వు ఏ పక్కో తేల్చు!" అని ఒకడు గుడ్లురిమితే, బావ నురుగు కలుపుతూ, "ముందు ఎడమ పక్క, తర్వాత కుడి పక్క. ఎవరికైనా అంతే," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వీధి తగలబడుతుంటే ఈయన నురుగు కలుపుతాడా?

శనివారం సాయంత్రం, సమ్మెవాళ్లకి గెడ్డాలు గీస్తున్నామన్న కచ్చతో మిల్లు లారీ డ్రైవరు రాయి విసిరాడు. మా నాన్న బిగించిన నిలువుటద్దం ముక్కలైపోయింది. నేను పని నేర్చుకున్నది ఆ అద్దంలో చూస్తూనే. ఆయన పోయాక కూడా అందులో నా వెనకే నిలబడి ఉన్నట్టుండేది.

ఆదివారం పొద్దున్నే షట్టరు రాడ్డు అందుకున్నాను. అప్పుడే బయటినుంచి వచ్చిన బావ గుమ్మంలో అడ్డు నిలబడ్డాడు. మొహం చుట్టూ తువ్వాలు.

"పన్ను నొప్పిరా," అన్నాడు అడక్కుండానే. "ఎక్కడికి?"

"వాడి తల పగలగొట్టడానికి!"

"వెళ్దువుగానిలే. ఈ మాసిన గెడ్డంతోనా? నలుగురూ చూస్తారు. కూర్చో."

నేనెంత వెధవనంటే, కూర్చున్నాను! ఎడమ చెంప అయ్యీ అవగానే టక్కున కత్తి మడిచాడు.

"దవడ బిగిసింది."

"నిన్నూ, నీ దవడనీ..." అంటూ సగం గెడ్డంతోనే వీధిలోకి దూకాను. నవ్వేవాళ్లు నవ్వుకోనీ!

డ్రైవరు ఎదురుగా వస్తున్నాడు, చేతిలో జాకీ రాడ్డుతో. వాడి వెనక మిల్లువాళ్లు పదిమంది. నా వెనక సమ్మెవాళ్లు పదిమంది పోగయ్యారు. నేను రాడ్డు ఎత్తాను. వాడూ ఎత్తాడు. అప్పుడు చూశాను. వాడికీ ఎడమ చెంప నున్నగా ఉంది, కుడి చెంప మీద వారం గెడ్డం.

"నీక్కూడానా?" అన్నాడు వాడు.

"నీకెప్పుడు?"

"పొద్దున్నే పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు. ప్రతి ఆదివారం వస్తాడుగా. మీ షాపు మాటెత్తానో లేదో, మడిచేశాడు."

వెనకున్న ఇరవైమందిలో ఎవడో కిసుక్కుమన్నాడు. అంతే, వీధి వీధంతా పగలబడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అద్దం పగలగొట్టినవాడి ఇంటికి పోయి సబ్బు రాసొచ్చాడా! కానీ అంతమంది నవ్వుతుంటే ఎవణ్ణి కొడతాం? చెయ్యి నొప్పి పుట్టి దించాను. ఒకరినొకరు తిట్టుకుంటూనే ఇద్దరం షాపుకి వచ్చిపడ్డాం, బావని కడిగెయ్యడానికి.

"ఏం మనిషివి బావా? నీకు చీమూ నెత్తురూ లేవా? అది మా నాన్న అద్దం!" అని భుజం పట్టి కుదిపేశాను. తువ్వాలు జారింది.

ఎడమ చెంప నున్నగా ఉంది. కుడి చెంప మీద నురుగు ఎండి అట్టకట్టి ఉంది.

"తెల్లారి ఆ అద్దం పెంకులో చూసుకుంటూ గీసుకోబోయాను," అన్నాడు బావ తలదించుకుని. "మావయ్య గుర్తొచ్చాడు. దవడ బిగిసిపోయింది. ఇంకా దిగలేదురా."

"మరి మమ్మల్నెందుకు ఆపావు?"

"నా ఒక్కడి కోపమే నాకు లొంగట్లేదు. ముగ్గురివీ కలిస్తే ఆ పటిక ముక్క ఏ మూలకి?"

డ్రైవరు వంగి పెంకులు ఏరడం మొదలుపెట్టాడు. వాడిమీద నా కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయినా బావని కుర్చీలో కూలేసి, కొత్త నురుగు రాసి, కత్తి తెరిచాను.

"దవడ వదులు బావా," అన్నాను.

"ముందు నువ్వు వదలరా," అన్నాడు. "కత్తి నీ చేతిలో ఉంది."