రూతమ్మత్త తలుపు గడియ

మొన్న స్నానాలగదికి గడియ కావాలంటే మనవడితో కలిసి అమలాపురం వెళ్ళాను. కొట్టాయన ఫోనులో మాట్లాడుతూనే గడియ ఒకటి తీసి మా ముందుకి విసిరాడు. రాతిబల్ల మీద ఇనుము ఠంగుమంది. అలాంటి చప్పుడు మొదట విని అరవై ఏళ్ళు దాటినా దాని మీద నా కోపం చల్లారలేదు. చల్లారాలని నేనూ కోరుకోలేదు.

స్వరాజ్యం వచ్చిన ఏడెనిమిదేళ్ళకి నేను ముక్తేశ్వరం దగ్గర మా పేటకి కోడలిగా వచ్చాను. మా పక్కిల్లు రూతమ్మత్తది. భర్త పోయాడు, ఎదిగిన కూతురుంది. పగలు కామందుల చేలో కూలి, మిగిలిన పొద్దు కొబ్బరిపీచు కొట్టి తాళ్ళు పేనడం. నన్ను నోరారా కోడలా అని పిలిచేది. అప్పట్లో మా పేటలో ఏ ఇంటికీ తలుపు లేదు, అన్నీ తాటాకు తడకలే. తడక సంగతి ఈ కాలం వాళ్ళకి చెప్పాలి. తడకని ఎవరూ తట్టరు, కాలితో తోస్తారు. తెల్లారగట్ల కామందుగారి మేస్త్రీ తోసుకొచ్చి, నాట్లకి లేవండే అని కేకేసేవాడు. లోపల ఆడవాళ్ళం ఎలా ఉన్నామో అతనికి అక్కర్లేదు. ఒకరోజు రూతమ్మత్త కూతురు చీర మార్చుకుంటూ ఉండగా అలాగే వచ్చాడు. వచ్చినవాడు వెంటనే పోలేదు, నిలబడి చూశాడు. అత్త ఏడవలేదు, తిట్టలేదు. పాత పడవ చెక్కలు ఎక్కడ దొరుకుతాయని ఆ రోజునుంచే వాకబు మొదలుపెట్టింది.

నెల తిరిగేసరికి తారు వాసన కొట్టే తలుపు తయారైంది. గడియ ఒక్కటే మిగిలింది. ఇద్దరం కాలవగట్టున నడిచి అమలాపురం ఇనపసామాను కొట్టుకి వెళ్ళాం. ఆ షావుకారుకి ఒక పద్ధతి ఉండేది. గడియ కొన్నవాళ్ళ ఎదుటే దానికి చుక్క కొబ్బరినూనె వేసి, మూడుసార్లు అటూ ఇటూ జరిపి చూపించి, కాగితంలో చుట్టి చేతికిచ్చేవాడు. అదంతా అరుగెక్కి కూర్చున్నవాళ్ళకి. మేము అరుగు కింద నిలబడేవాళ్ళం. మాకు నూనె లేదు, కాగితం లేదు, చెయ్యి అందించడం అసలే లేదు.

“మీకు తలుపు గడియెందుకే? దాచుకోడానికి ఏముందనీ?” అన్నాడు. అరుగు మీదవాళ్ళు నవ్వారు.

“దాచుకోడానికి కాదండి,” అంది అత్త. “తట్టించుకోడానికండి.”

ఆ మాటకి ఒళ్ళు మండిందో, ఎప్పటి అలవాటో, షావుకారు గడియని కిందకి విసిరాడు. అది పోత ఇనుము. సుత్తికి వంగదు గాని రాయి మీద పడితే గాజే. ఇనుము అమ్ముకు బతికేవాడికి ఆ సంగతి తెలియదా? తెలుసు. మా చెయ్యి తగులుతుందన్న రోత ముందు ఆ తెలివి ఎందుకూ పనికిరాలేదు. మెట్టురాయికి ఠంగున తగిలి గడియ రెండు ముక్కలైంది. ఆ ముక్కలనే తీసుకుపొమ్మన్నాడు.

అత్త వంగలేదు. రెండు చేతులూ చాపి నిలబడింది. “మీ చేతిలోంచి పడి విరిగిందండి. నా చేతికి ఇంకా రాలేదండి.”

చాపిన చేతులు దించలేదు. ఎండ నడినెత్తికెక్కింది. నాకు భయమేసి కొంగు లాగాను, ముక్కలు కమ్మరి చేత అతికిద్దాం పద అన్నాను. పోత ఇనుము అతకదు కోడలా అంది, నావైపు చూడకుండానే. ఆమె నిలబడింది సరిగ్గా మెట్లకి ఎదురుగా. కొనడానికి వచ్చినవాళ్ళు తగిలితే మైలని ఒక్కొక్కరే వెనక్కి మళ్ళుతున్నారు. చూడండి, వాళ్ళ మైలే ఆ రోజు మాకు సాయం చేసింది. బేరాలు పోతుంటే ఉండబట్టలేక షావుకారు ఇంకో గడియ తెచ్చి అరుగు అంచున పెట్టి, గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు కూడా చేతిలో పెట్టలేదు. అత్త దాన్ని అందుకుని, తనే మూడుసార్లు జరిపి చూసుకుంది. సగం దారి దాటాక, “గడియ వచ్చింది గాని కోడలా, చెయ్యి రాలేదు,” అంది.

తలుపు బిగించిన మర్నాడు మేస్త్రీ అలవాటుగా తోశాడు. పడవ చెక్క కదల్లేదు. లోపల్నించి అత్త, “ఎవరండీ?” అంది. అతను పలకలేదు. మళ్ళీ అడిగింది. పేటంతా తడకల సందుల్లోంచి చూస్తోంది. మా పేటవాళ్ళ గుమ్మంలో నిలబడి తానెవరో చెప్పుకోవడం అతనికి పుట్టి బుద్ధెరిగి లేదు. చివరికి గొణిగాడు, నేనే, మేస్త్రీని అని.

“ఆయ్, ఉండండి. పిల్ల జడేసుకుంటోందండి.”

ఉన్నాడు. జడ పూర్తయ్యేదాకా ఆ మంచులో అలాగే ఉన్నాడు. దానికి శిక్షగా ఆ ఏడు నాట్లకి తల్లినీ కూతుర్నీ పిలవలేదు. తాళ్ళు పేనుకుని గంజితో గడిపారు గాని, అత్త ఆ గడియ ఊడదియ్యలేదు. మరుసటేడు మా ఇంటికీ తలుపు పెట్టించాను.

మొన్న ఆ రాతిబల్ల మీది గడియకేసి మనవడు చెయ్యి చాపబోతే వద్దన్నాను. నా అరచెయ్యి చాపి ఊరుకున్నాను. కొట్టాయన పాపం ఏమీ ఎరగడు. ఫోను పక్కన పెట్టి, “ఏంటి మామ్మగారూ?” అంటూ గడియ తీసి నా చేతిలో పెట్టాడు. మూడుసార్లు అటూ ఇటూ జరిపాను. కాస్త పట్టేస్తోంది.

“నూనె చుక్క వెయ్యి నాయనా,” అన్నాను.