గట్టువార సజ్జ కంకులు

నా చిన్నప్పుడు కన్నడసీమలో బాగేపల్లి దగ్గర మా ఊళ్ళో మాకున్నదల్లా రాళ్ళగుట్ట మీది రెండెకరాల మెట్టచేను. అందులో సజ్జ పండితే ఏడాదంతా రొట్టె, లేకుంటే లేదు. అందుకే విత్తనానికి కంకులు ఏరే పని మా అవ్వ ఎవరికీ వదిలేది కాదు. నేను కన్నడ బడిలో మూడో తరగతితో చదువు చాలించిన ఏడు మాత్రం, కోతల ముందు ఆ పని నాకు అప్పగించింది.

నేను గట్టు వెంబడి పోయాను. అవతలిది పక్కవాళ్ళ బావి కింది చేను. వాళ్ళు చింతామణి టౌను నుంచి కొత్త విత్తనం తెచ్చి వేశారు. మా గట్టువార కంకులు నా మోచేతంత పొడుగున్నాయి. గుట్టమీదివి జానెడు కూడా లేవు. ఏవి కొయ్యాలో ఒకరు చెప్పాలా? గంపెడు కోసుకుని గర్వంగా ఇంటికొచ్చాను. మా నాయన చూసి మురిసిపోయి, వచ్చే ఏడు చేనంతా ఇవే చల్లుదామన్నాడు.

అవ్వ ఒక కంకిని తిప్పి తిప్పి చూసింది. తిట్టలేదు.

"యాడ కోసినావు, గట్టువారనా? ఆ పొడుగు గట్టు దాటి ఊరిన బావినీళ్ళదమ్మా, గింజది కాదు. వాళ్ళ పూత దుమ్ము గాలికొచ్చి పడింటాది. వీటికి తల్లి మనదే, తండ్రి పక్కచేనోడు. వాడు నీళ్ళు మరిగినోడు."

నాయన నవ్వాడు, వాదించాడు కూడా. అవ్వ లొంగలేదు. గుట్ట నడుమ, చుట్టూ మా పైరే ఉన్న చోట, ఎండకు తట్టుకున్న పొట్టి కంకులను తానే ఏరింది. నావి పారేయలేదు, విడిగా కట్టిపెట్టింది. మరుసటి వానకారుకు రాళ్ళ మధ్య నాలుగు సాళ్ళు నా గింజలకిచ్చి, తక్కిన చేనంతా తన గింజలే వేయించింది.

పైరు మోకాలెత్తు రాగానే వాన ముఖం చాటేసింది. రోజూ పొద్దున్నే పోయి నా సాళ్ళ దగ్గర నిలబడేదాన్ని. మొదట ఏపుగా లేచినవి నావే, ముందుగా ఎండినవీ నావే. అవ్వ మొక్కలు ఆకులు చుట్టుకుని, పెరగడం మానుకుని, మొండిగా కాచుకున్నాయి. నెల దాటాక వాన పడితే అవే తేరుకున్నాయి. నాయన మాట సాగి ఉంటే ఆ ఏడు మా పెనం మీద రొట్టె లేదు.

సిగ్గుతో నా సాళ్ళను పీకేయబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఎండిన కాడల నడుమ ఏడు మొక్కలు పచ్చగా ఉన్నాయి.

"పీకొద్దు. వీటిని గుట్టే ఏరుకునింది. ఇంక ఇవి పరాయివి కావు," అంది.

అవి కంకి వేసినప్పుడు మా వాటికన్నా నాలుగు వేళ్ళు పొడుగున్నాయి. అవ్వ వాటి గింజలను తన విత్తనాల్లో కలుపుకుంది.

ఈనాటికీ ఇంటికి కొత్త విత్తనం వస్తే నేను వద్దనను, తెచ్చినవాళ్ళ మాట విని చేనంతా దానికి రాసివ్వను. వాన తప్పిన ఒక నెల గడిచేదాకా నా నోట మెప్పు రాదు. ముసలిది మొండిదని కోడళ్ళు గొణుగుతారు. గొణగనీ.