అన్నయ్యకు లేని మొక్కు

మా అన్నయ్య చెప్పులు వేసుకోడు. కాదు, వేసుకునేవాడు కాదు అని రాయాలి ఇప్పుడు. ఆ మాట అలా మారడానికి కారణం నేను.

చిల్లకల్లులో మా చిన్నప్పుడు కాళ్లకు చెప్పులున్నాయా లేవా అని ఎవరూ చూసేవాళ్లు కాదు. బడికీ పొలానికీ వట్టికాళ్లతోనే వెళ్లేవాళ్లం. జగ్గయ్యపేటకు సినిమాకు వెళ్లేరోజున మాత్రం అమ్మ చెప్పులు బయటికి తీసేది. అరిగిపోతాయని వాటిని చేత్తో పట్టుకుని నడిచి, బస్సెక్కే ముందు వేసుకునేవాళ్లం. తర్వాత నేను చదువుకుని, నందిగామలో టీచరునై, ఇంట్లోకి ఒక జత, బయటికి ఒక జత, పెళ్లిళ్లకు ఒక జత పెట్టుకున్నాను. అన్నయ్య మిరపచేలోనే ఉండిపోయాడు. లేక కాదు. ట్రాక్టరుంది, కారుంది. ఆ కారు కూడా వట్టికాళ్లతోనే నడిపేవాడు.

"చెప్పులేసుకుంటే కింద ఏముందో తెలవదమ్మా. కళ్లకి గంతలు కట్టినట్టుంటది" అనేవాడు.

లోకం మాత్రం మారింది. కొన్ని వట్టికాళ్లకు మర్యాద పెరిగింది, కొన్నిటికి పోయింది. మా ఆయన మాల వేసుకున్నప్పుడు చెప్పుల్లేకుండా ఆఫీసుల చుట్టూ తిరిగితే "రండి స్వామీ" అని కుర్చీ వేశారు. మా కాలనీలో షుగరున్న వాళ్లంతా పొద్దున్నే గడ్డిమీద చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తారు. ఫోన్లో ఎవరో చెప్పారట, ఆరోగ్యమని. అదే అన్నయ్య మా అపార్టుమెంటు లిఫ్టు దగ్గర నిలబడితే కింది ఫ్లాటావిడ "ఎవరి కోసమయ్యా?" అని అడిగేది. "మా అన్నయ్యండీ" అని నేనే ముందుకు వచ్చేదాన్ని. వచ్చేదాన్నే కానీ, ఆ మాట దగ్గర నా గొంతు తగ్గిపోయేది.

పోయిన వేసవిలో మా అమ్మాయికి విజయవాడ సంబంధం కుదిరింది. మాటలు ఖాయం చేసుకోవడానికి పెళ్లివారు మా ఇంటికి వచ్చారు. మేనమామ లేకుండా ఎలా? అన్నయ్య ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచెతో పెళ్లిపెద్దలా వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో అందరివీ వట్టికాళ్లే కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. భోజనాలయ్యాయి, తాంబూలాలయ్యాయి. నేను గండం గడిచిందనుకున్నాను.

వాళ్లు బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర వచ్చింది అసలు చిక్కు. అందరూ ఎవరి జత వాళ్లు వెతుక్కుంటున్నారు. అన్నయ్య ఆగకుండా మెట్లు దిగబోయాడు. పెళ్లికొడుకు తల్లి చూసింది.

"అయ్యో, అన్నయ్యగారి చెప్పులేవండీ? మావాళ్లెవరన్నా మార్చేసుకున్నారేమో! ఆగండి అన్నయ్యగారూ, బయట ఎండ మండిపోతంది" అంటూ ఆ మనిషి వంగి, మిగిలిన చెప్పులు అటూ ఇటూ తిప్పి వెతకడం మొదలుపెట్టింది.

వెతికేకొద్దీ అందరి కళ్లూ అన్నయ్య కాళ్లమీద పడ్డాయి. పగిలిన మడమలు, విచ్చుకున్న వేళ్లు, ఎంత కడిగినా గోళ్ల సందుల్లో మిగిలిపోయే నల్లరేగడి. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకు అలవాటు లేదండీ అంటే సరిపోయేది. నా నోటికి ఆ మాట రాలేదు.

"మొక్కండీ వదినగారూ. మేనకోడలి పెళ్లయ్యేదాకా చెప్పులేసుకోనని పెనుగంచిప్రోలు అమ్మవారికి మొక్కుకున్నాడు మా అన్నయ్య."

ఆవిడ చేతిలోని చెప్పు వదిలేసి చేతులు జోడించింది. "ఈ రోజుల్లో ఇట్లాంటి మేనమామలు ఎక్కడున్నారండీ!" అంది. ఆవిడ భర్త కూడా నమస్కారం పెట్టాడు. అన్నయ్య నావైపు ఒక్కసారి చూసి, కాదనకుండా తల వంచుకున్నాడు. వాళ్ల కారు వెళ్లిపోయాక మాత్రం అడిగాడు.

"అమ్మవారి పేరెందుకెత్తావమ్మా? ఈ మొద్దుకి చెప్పులు పడవు అంటే పోయేదిగా?"

"వాళ్లేమనుకుంటారన్నయ్యా?"



పెళ్లిదాకా అన్నయ్యకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. బుట్టలో పెళ్లికూతుర్ని మోసుకొస్తున్నప్పుడు పెళ్లికొడుకు చెల్లెలు ఆయన కాళ్లకు ఫొటో తీసి వాళ్ల కుటుంబం గ్రూపులో పెట్టింది. దండాల బొమ్మలు వరసగా వచ్చాయట. అన్నయ్య సిగ్గుతో చితికిపోయాడు. నాకు మాత్రం హాయిగా ఉంది. ఇన్నేళ్లు నేను దాచిన కాళ్లకు జనం దండం పెడుతుంటే, అది నా తెలివే అనుకున్నాను.

ఆ తెలివి వ్రతం రోజుదాకానే నడిచింది. విజయవాడలో వ్రతం ముగిసి అందరూ కూర్చుని ఉండగా వియ్యపురాలు ఒక అట్టపెట్టె తెచ్చి అన్నయ్య ముందు పెట్టింది. లోపల గోధుమరంగు తోలు చెప్పులు.

"మొక్కు తీరింది కదా అన్నయ్యగారూ. ఈ పూటనించీ వేసుకోవాలి మరి."

ఆవిడ ప్రేమగానే తెచ్చింది. అందుకే తప్పించుకునే దారి లేకపోయింది. అన్నయ్య కాలు పెట్టాడు. బొటనవేలు ఒక దారిన, మిగతా వేళ్లు ఒక దారిన పోయే కాలది, పట్టీలో ఇమడలేదు. వేళ్లు దగ్గరికి నొక్కి దూర్చుకుని, నాలుగడుగులు వేసి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ వారమే అన్నయ్య మా వదినను తీసుకుని పెనుగంచిప్రోలు వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చాడని తర్వాత తెలిసింది. ఎందుకని ఫోన్లో అడిగితే, "మనం మొక్కకపోయినా పిల్ల పేరు మీద మాటన్నావు. తీర్చకపోతే నాకు నిద్ర పట్టలా" అన్నాడు. అక్కడైనా నేను ఊరుకోవలసింది. అల్లుడి బాబాయి ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, చిల్లకల్లు మీదుగానే వెళ్లొస్తుంటాడు. "ఆయన కంట్లో పడితే నా మాట అబద్ధమైపోద్ది అన్నయ్యా, కొన్నాళ్లు చెప్పులతోనే తిరుగు" అని చెప్పాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో! సరేనన్నాడు.

మొన్న వానల్లో వదిన ఫోన్ చేసింది. ఆదివారం వెళ్లేసరికి అన్నయ్య కుడికాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. తడిసిన రేగడి చెప్పులకు ముద్దలు ముద్దలుగా అంటుకుని, గట్టుమీద జారి కాలవలో పడ్డాడు. చీలమండ బెణికింది.

"చేలో అన్నా విప్పమంటే వినడు. ఎవరన్నా చూస్తే చెల్లెలి మాట పోద్దంటాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ గట్టుమీద జారింది లేదు ఈయన" అంది వదిన, నా ముఖం చూడకుండా అన్నం వడ్డిస్తూ. చెప్పుల పట్టీ కోసుకుపోయి ఆయన వేళ్లమీద పుళ్లు పడ్డాయి. ఎన్ని కంపల్లో తిరిగినా చెక్కుచెదరని కాళ్లవి. వాటిని పాడుచేసింది నేను.

సాయంత్రం నేను బయల్దేరితే, వద్దన్నా వినకుండా ఆటోదాకా వస్తానని గోడ పట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, బాగున్న కాలితో చెప్పులను దగ్గరికి లాక్కోబోయాడు. నాకు ఏడుపొచ్చేసింది.

"వద్దన్నయ్యా, వేసుకోకు. ఇంకెప్పుడూ వేసుకోకు. వాళ్లకి నేను నిజం చెప్పేస్తా. అయినా ఇక్కడెవరున్నారు చూడ్డానికి?"

ఆయన ముఖంలో కోపం లేదు. నన్ను ఓదార్చబోతున్నట్టే చూశాడు.

"నువ్వున్నావుగా అమ్మా" అని, వాచిన కాలును నెమ్మదిగా చెప్పులోకి దూర్చుకున్నాడు.