విజయ బల్ల మీద ఎర్రఫోను

నవ్వితే నవ్వారు గానీ, టీ మాత్రం మీద పోసుకోమాకండే! నిన్న నేను చేసిన ఘనకార్యం అట్టాంటిది.

మా సిమెంటు ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటర్ని నేనేగా. ఇన్నాళ్ళూ బయటికి ఫోను చేయాలంటే మేనేజరైనా సరే, "సుగుణమ్మా, కాస్త లైను కలుపు" అనాల్సిందే. ఈమధ్య కొత్త ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి పెట్టారు. ఎవరి ఫోనుకి బయటి లైను ఇవ్వాలో, ఎవరికి ఆపాలో మీటలు నొక్కి ఆర్డర్లు ఎక్కిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటది. మొట్టమొదటి ఆర్డరు ఎవరి పేరనో తెలుసా? టైపిస్టు విజయకి బయటి లైను ఇమ్మని! నిన్నగాక మొన్న చేరింది. దాని బల్ల మీద కొత్త ఎర్రఫోను, నాకేమో అదే పాత నల్లఫోను. కడుపు మండదా చెప్పండి?

గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు చక్కగానే చెప్పాడు. "మిషను ఆర్డర్లని పైనుంచి కిందికి చూస్తదమ్మా. ఫోను నంబరుకి ముందు ఏది సరిపోతే అదే ఖాయం, ఇంక కిందవి చూడదు." నా కళ్ళేమో ఎర్రఫోను మీద. ఏం వింటానే!

నిన్న విజయ లైను ఆపేద్దామనుకున్నా. దాని నంబరు ఇరవైనాలుగు. ఒక్కదానికే ఆపితే దొరికిపోనూ? అందుకని తెలివిగా ఇరవై నుంచి ముప్పై దాకా అందరికీ ఆపమని ఎక్కించా. పోయి పోయి అది విజయ ఆర్డరుకి కిందా, ఆఫీసర్లందరికీ లైను ఇమ్మనే ఆర్డరుకి పైనా కూర్చుంది. ఆ నంబర్లలో మేనేజరుదీ, క్యాషియరుదీ, నాదీ ఉన్నాయని గుర్తుంటేగా!

ఇంకేముంది? బయటి లైను అందరికీ పోయింది, ఒక్క ఎర్రఫోనుకి తప్ప! దాని ఆర్డరు నాదానికంటే పైనుందిగా. బొగ్గు వ్యాగన్ల కోసం హైదరాబాదు మాట్లాడాలని మేనేజరు గారే వచ్చి విజయ బల్ల దగ్గర నిలబడ్డారు. ఆయన వెనక క్యాషియరు. ఆ వెనక నేను! ఎక్కించిన ఆర్డరు తీసేయడం నాకు రాదు, గుంటూరుకి ఫోను చేసి ఇంజనీరునే అడగాలి.

"నంబరు చెప్పక్కా, నేను కలుపుతా" అంది విజయ. నా డైలాగు, నాకే!

లైన్లో ఒకటే గరగర. "చివర ఏం ఎక్కించారమ్మా?" అన్నాడు ఇంజనీరు. గుసగుసగా చెప్పా.

"వినపడట్లా, గట్టిగా చెప్పండి!"

"ఇరవై నుంచి ముప్పై దాకా ఆపమన్నానండీ!" అని అరిచా. ఆఫీసంతా వినింది.

మేనేజరు గారు నాకేసి చూశారు. విజయ మెల్లగా, "ఇరవైనాలుగు నాదే కదక్కా?" అంది.

ఇయ్యాల లైన్లన్నీ బాగయినయ్. నేను రిసీవరు ఎత్తితే చాలు, ఆ క్యాషియరు "ఇరవై నుంచి ముప్పై దాకా గారేనా?" అంటన్నాడు. అననీయండే. నా బాధ అది కాదు. ఆ ఎర్రఫోను ఒకసారి చెవిన పెట్టుకున్నాక, నా నల్లఫోను ముట్టబుద్ధి కావట్లేదే!